పేదవాడకు బాట వేసిన అధ్యాపకుడు – ఆర్నాల్డ్ టాయిన్బీ

టాయిన్బీ అను పేరు వినగానే చదువరులలో పెక్కుమందికి నాగరికతల పుట్టుకను, పతనమును పలు సంపుటములలో వివరించిన చరిత్రకారుడు తలపునకు వచ్చును. ఈ కథకు నాయకుడు అతడు కాడు, అతని పెదతండ్రి. ఆ చరిత్రకారుడు 1889లో జన్మించునప్పటికి ఈయన కన్నుమూసి ఆరేండ్లు గడచినవి. పోయినవాని పేరునే పుట్టినవానికి పెట్టుకొనిరి. పెదతండ్రి జీవించినది ముప్పది యేండ్లు మాత్రమే. ఆయన పూర్తిచేసి వెలువరించిన మహాగ్రంథము లేదు. అనారోగ్యమువలన పట్టభద్రత సయితము సామాన్యశ్రేణిలోనే ముగిసెను. అయినను విశ్వవిద్యాలయములోని విద్యార్థి పేదలు నివసించు వాడకు పోయి వారికి చేదోడుగా నిలువవలెనను భావము నేడు ఇన్ని దేశములలో వ్యాపించియున్నదనిన, దానికి మొదట వినిపించు పేర్లలో ఆర్నాల్డ్ టాయిన్బీ పేరు ఒకటి.

ఆర్నాల్డ్ 1852 ఆగస్టు 23వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి జోసెఫ్ టాయిన్బీ చెవివ్యాధుల చికిత్సలో పేరుమోసిన శస్త్రవైద్యుడు. ఆ కాలమున చెవిని గురించి శాస్త్రీయముగా పరిశోధించినవారిలో ఆయన అగ్రగణ్యుడు. కుటుంబము వింబుల్డనులో నివసించిన కాలమున ఆ వైద్యుడు గ్రామస్థుల కొరకు సభామందిరమును, వస్తుప్రదర్శనశాలను నెలకొల్పుటకు పూనుకొనెను. సంపాదనతోపాటు ఇరుగుపొరుగుల మేలు చూచుకొనుట గృహస్థధర్మమని కుమారునికి తండ్రి నడవడియే నేర్పెను. ఆ తండ్రి 1866లో చెవిలోని హోరునకు ఔషధము కనుగొనదలచి, క్లోరోఫారము ఆవిరిని తనపైననే ప్రయోగించుకొని ప్రాణములు కోల్పోయెను. నాటికి ఆర్నాల్డుకు పదమూడేండ్లు. నమ్మిన పనికి దేహమును పణముగా పెట్టుట ఆ ఇంట ఒక తరముతో ఆగలేదు.

బాల్యమున ఆర్నాల్డుకు యుద్ధక్రీడలన్న మక్కువ యెక్కువ. సైనికోద్యోగమునకు సిద్ధముచేయు పాఠశాలలో కొంతకాలము చదివెను. చిన్ననాట గుఱ్ఱముపైనుండి పడుటచే తలకు తగిలిన దెబ్బ ఆయనను జీవితాంతము వేధించెను. తలనొప్పి, నిద్రలేమి నిత్యసహచరములయ్యెను. ఏకధాటిగా చదువ శక్తి లేక, సైన్యమునందలి ఆశ వదలుకొని, పట్టణములకు దూరమైన పల్లెలలో ఒంటరిగా గ్రంథపఠనము చేయుచు యౌవనారంభమును గడపెను. చరిత్ర, మతము, తత్త్వము ఆయన మనస్సును ఆక్రమించినది అప్పుడే.

1873లో ఆక్స్ఫర్డు విశ్వవిద్యాలయములోని పెంబ్రోకు కళాశాలలో చేరెను. రెండేండ్లకు బేలియల్ కళాశాలకు మారెను. బేలియలుకు నాడు అధిపతి బెంజమిన్ జోవెట్. అచ్చటి తత్త్వశాస్త్రాచార్యుడు టి. హెచ్. గ్రీన్. మానవుడు సంఘములో భాగస్వామియైననే సంపూర్ణుడగుననియు, పౌరధర్మము దైవసేవకు భిన్నము కాదనియు గ్రీను బోధించెడివాడు. ఆయన తరగతిగదిలో బోధించి ఊరుకొనక ఆక్స్ఫర్డు పురపాలక సంఘములో సభ్యుడై, ఆ ధర్మమును ఆచరణలో చూపెను. ఇట్టి గురువుల నీడలో టాయిన్బీ ఆలోచనలు రూపుదిద్దుకొనెను.

ఆక్స్ఫర్డులో ఆ దినములలో కళాచార్యుడు జాన్ రస్కిన్. శరీరశ్రమ నెరుగని విద్య కుంటి విద్యయని ఆయన తలంపు. 1874లో ఫెర్రీ హింక్సీ అను గ్రామమునకు బాట వేయుటకై రస్కిన్ తన శిష్యులను పిలిచెను. పడవపందెములలో, బంతియాటలో చూపు బలమును పేదలకు పనికివచ్చు పనిలో చూపుడని ఆయన కోరిక. సంపన్నుల బిడ్డలు పార, గునపము పట్టి బురదనేలను త్రవ్వుచుండగా ఊరివారు వింతగా చూచి నవ్వుకొనిరి. పత్రికలు పరిహసించెను. టాయిన్బీ ఆ పనిలో ఒక ముఠాకు మేస్త్రిగా నిలిచెను. బాట చక్కగా కుదరలేదు. విద్యార్థుల అరచేతులు మాత్రము బొబ్బలెక్కెను. బాట వేయుటకు ఉత్సాహమొక్కటే చాలదు, పని తెలియవలెనని ఆ యువకులకు బోధపడెను. పేదలకు ఉపకారము చేయబోవువాడు మొదట వారిని, వారి పనిని తెలిసికొనవలెనను సూత్రమును టాయిన్బీ తరువాత ఎన్నడును విడువలేదు.

మరుసటి సంవత్సరము, అనగా 1875 వేసవి సెలవులలో, ఆయన లండను తూర్పుభాగమునకు పోయెను. రేవుకూలీలు, దర్జీలు, బీదవర్తకులు కిక్కిరిసి నివసించు వైట్‌చాపెల్ పేట అది. అచ్చట సెయింట్ జూడ్ దేవాలయమునకు మతాచార్యుడుగా శామ్యూల్ బార్నెట్ 1873 నుండి పనిచేయుచుండెను. బార్నెట్టు, ఆయన భార్య హెన్రియెట్టా ఆ పేటనే తమ ఇల్లు చేసికొన్నవారు. టాయిన్బీ సమీపమున అద్దెగదిలో దిగి, సహాయము కోరిన కుటుంబముల స్థితిగతులు విచారించుటకై ఇంటింటికి తిరిగెను. కార్మికుల రాజకీయసంఘమున సభ్యుడుగా చేరి, వారి చర్చలలో పాల్గొనెను. చదువుకున్నవాడని గర్వము చూపక, చదువులేనివారని జాలియు చూపక, సాటిమనిషివలె వాదించెను. ఆ సంఘమున ప్రసంగించుటతోనే తనకు వాక్శక్తి కలదని ఆయనకు తెలిసినదందురు. కాని ఆ పేటలోని రొద, ఇరుకు, దైన్యము ఆయన దుర్బలదేహమునకు మించినవయ్యెను. ఆరోగ్యము చెడి తిరిగి రావలసివచ్చెను. కొలది వారములు మాత్రమే సాగిన ఆ నివాసము ఆయన జీవితమునకు గమ్యము చూపెను.

1878లో పట్టభద్రుడైన వెంటనే బేలియల్ కళాశాల ఆయనకు అధ్యాపకపదవి నొసగెను. ఆయనకు అప్పగించిన శిష్యులెవరో తెలిసికొనుట మన దేశీయులకు ఆసక్తికరము. హిందూదేశపు సివిల్ సర్వీసుకు ఎంపికై, ఇచ్చటికి బయలుదేరుటకు ముందు రెండేండ్లు విశ్వవిద్యాలయమున శిక్షణ పొందు యువకులు వారు. పందొమ్మిదేండ్లు నిండకమునుపే పరీక్ష నెగ్గి వచ్చిన ఆ పిన్నవారు రేపు జిల్లాలను ఏలవలసినవారు. వారు రావలసిన దేశమునందు, మన రాయలసీమతో సహా చెన్నరాజధానియందు పెక్కుచోట్ల, 1876 మొదలు 1878 వరకు ధాతకరువు జనమును కబళించియుండెను. వర్తకమునకు అడ్డుతగులరాదను అర్థశాస్త్ర సిద్ధాంతమును పట్టుకొని ప్రభుత్వము ధాన్యపు ధరలలో జోక్యము చేసికొనని కాలమది. అట్టి సమయమున ఆ యువకులకు అర్థశాస్త్రమును బోధించువాడు ఆ శాస్త్రసూత్రములు ప్రకృతినియమములవలె మార్పులేనివి కావనియు, దేశకాలములనుబట్టి వానిని పరీక్షింపవలెననియు చెప్పువాడగుట గమనింపదగిన విషయము. పరాయిపాలన యనెడి మూలదోషమును ఆ బోధ తొలగింపలేదు. తొలగించుట ఒక అధ్యాపకునివలన కాదు. అయినను పాలించువానికి పాలితుల బ్రతుకు తెలియవలెనను ఆయన పట్టుదల నిజమైనది.

టాయిన్బీ బోధన గంటల లెక్కతో ముగియునది కాదు. విద్యార్థులతో కలసి నడచును; వారితో కలసి భుజించును; వారి సందేహములను తన సందేహములుగా భావించి చర్చించును. మిత్రులను, శిష్యులను ఒక చిన్న బృందముగా చేర్చి, ఒక్కొక్కరు దేశమునకు సంబంధించిన ఒక్కొక్క సమస్యను చేపట్టి లోతుగా అభ్యసింపవలెనని ఏర్పాటు చేసెను. ఒకడు విద్య, మరొకడు పేదల పోషణచట్టము, వేరొకడు భూమిసమస్య. తరువాతికాలమున సామ్రాజ్యరాజకీయములలో ప్రసిద్ధుడైన ఆల్ఫ్రెడ్ మిల్నర్ ఆ మిత్రులలో ఒకడు. ఇద్దరి దారులు వేరైనను, మిల్నర్ ఆయనను జీవితాంతము భక్తితో స్మరించి ఆయన జీవితమును గురించి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. 1879లో టాయిన్బీ షార్లెట్ ఆట్వుడ్ అను ఆమెను వివాహమాడెను. తరువాత కళాశాల ఆస్తుల లెక్కలు చూచు బర్సారు బాధ్యతయు ఆయనపై పడెను. ఆక్స్ఫర్డు పట్టణమున పేదల పోషణ నిర్వహించు ధర్మకర్తలలో ఒకడై, సహాయము పొందువారి ఇండ్లకు స్వయముగా పోవుచుండెను.

1880 నుండి సెలవులు ఆయనకు విశ్రాంతిదినములు కాకపోయెను. బ్రాడ్‌ఫర్డు, న్యూకాసిల్ మొదలగు పారిశ్రామిక నగరములకు పోయి, కార్మికులును యజమానులును కలసి కూర్చున్న సభలలో ఉపన్యసించెను. కూలి యెట్లు నిర్ణయమగును? సంఘములు పెట్టుకొన్నచో కార్మికునకు మేలు కలుగునా? ప్రభుత్వము ఎంతవరకు కలుగజేసికొనవచ్చును? ఇవి అచ్చట ప్రశ్నలు. కూలిపెంపు ప్రకృతివిరుద్ధమని పాత అర్థశాస్త్రజ్ఞులు చెప్పినది పొరపాటని ఆయన నిదర్శనములతో చూపెను. కార్మికసంఘములు కూలివాని స్థితిని బాగుచేసినవని అంగీకరించెను. అదే నోటితో, హక్కుతోపాటు బాధ్యతయు స్వీకరింపవలెనని కార్మికులకు చెప్పుటకు వెనుదీయలేదు. చప్పట్లకొరకు ఒకరిని పొగడి మరొకరిని తెగడుట ఆయనకు చేతకాని పని.

1881 అక్టోబరు మొదలు 1882 వేసవి వరకు బేలియలులో ఆయన చరిత్రవిద్యార్థులకు చేసిన ఉపన్యాసములు ఆయన కీర్తికి పట్టుగొమ్మలు. 1760 ప్రాంతమునుండి ఇంగ్లాండు ఆర్థికజీవితమున వచ్చిన మార్పును ఆయన ఒక్క చూపుతో పట్టి చూపెను. పారిశ్రామిక విప్లవము అను పదబంధము అంతకుముందు అచ్చటచ్చట వాడుకలో నున్నను, ఆంగ్లభాషలో అది స్థిరపడినది ఆయన ఉపన్యాసముల మూలముననే. నేడు మన పాఠశాలలలో పిల్లలు వల్లెవేయు ఆ మాట వెనుక ఈ యువకుని స్వరము కలదు. హార్‌గ్రీవ్స్ నూలుయంత్రము, ఆర్క్‌రైట్ జలయంత్రము, క్రాంప్టన్ కనిపెట్టిన మ్యూలు, కార్ట్‌రైట్ మరమగ్గము, వాట్ ఆవిరియంత్రము – ఈ వరుసను చెప్పి ఆయన ఆగలేదు. సంపద పెరిగిన దేశమున దారిద్ర్యము ఏల పెరిగెను? ఊరి ఉమ్మడి భూములకు కంచెలు పడినప్పుడు చిన్నరైతు ఏమయ్యెను? యజమానికిని పనివానికిని నడుమ నున్న పరిచయము తెగిపోయి కూలిడబ్బు ఒక్కటే మిగిలినప్పుడు మనుష్యసంబంధము ఏమగును? ఇవి ఆయన వేసిన ప్రశ్నలు.

ఆ యంత్రముల దెబ్బ సముద్రము దాటి మన తీరమునకును తగిలెను. మచిలీపట్టణమునుండియు, గోదావరీ ప్రాంతమునుండియు విదేశములకు పోవు వస్త్రముల ఎగుమతి పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున క్షీణించి, నేతగాండ్ర మగ్గములు మూలబడెను. టాయిన్బీ చూపు ప్రధానముగా ఇంగ్లాండు కూలివానిపైననే నిలిచినది. కాని సంపదను కొలుచునప్పుడు దానివలన నలిగిన మనుష్యులనుకూడ లెక్కింపవలెనని ఆయన నేర్పిన పద్ధతి మన సాలెవాని కథకును వర్తించును. ఆ ఉపన్యాసముల వ్రాతప్రతి ఆయన సిద్ధముచేయలేదు. శిష్యులైన డబ్ల్యు. జె. ఆష్లీ, బోల్టన్ కింగ్ అనువారు తరగతిలో వ్రాసికొన్న గమనికలే ఆధారముగా 1884లో, ఆయన మరణానంతరము, గ్రంథము వెలువడెను. గురువు మాటను శిష్యుల చేతివ్రాత కాపాడిన సందర్భములలో ఇది యొకటి.

1882లో ఆక్స్ఫర్డున జరిగిన సహకారసంఘముల మహాసభలో ఆయన సహకారుల విద్యనుగూర్చి ఒక వ్యాసము చదివెను. సరుకులు చవుకగా కొని లాభము పంచుకొనుటతో సహకారము ముగియరాదని ఆయన మతము. చిన్నపనిలో మరమనిషివలె మారిపోవుచున్న కార్మికునకు దేశచరిత్ర, పరిపాలన, ఆర్థికవిషయములు నేర్పి అతనిని పౌరునిగా తీర్చు భారము సహకారసంఘములు వహింపవలెనని ఆయన కోరెను. విద్యాలయములనుండి అధ్యాపకులు వారికడకు పోవలెను. ఓటుహక్కు క్రమక్రమముగా కార్మికులకు విస్తరించుచున్న కాలమున ఈ సూచన ఎంత అవసరమైనదో చెప్పనక్కరలేదు.

1879లో అమెరికావాడైన హెన్రీ జార్జి భూమిపై వచ్చు ఆదాయమంతయు సమాజమునకే చెందవలెనని వాదించుచు ప్రచురించిన గ్రంథము కొలదికాలములో ఇంగ్లాండు కార్మికులను ఉఱ్ఱూతలూపెను. జార్జి ఆవేదనతో టాయిన్బీ ఏకీభవించెను, పరిష్కారముతో ఏకీభవింపలేదు. ఈ భేదమును కార్మికుల ఎదుటనే చెప్పుట తన విధియని భావించి, 1883 జనవరిలో లండనులోని సెయింట్ ఆండ్రూస్ హాలులో రెండు ఉపన్యాసములు చేసెను. నిద్రలేమితో అప్పటికే దేహము శిథిలమైయుండెను. శ్రోతలలో కొందరు ఆయన వాదమునకు అడ్డుతగిలిరి. రెండవ ఉపన్యాసపు చివర ఆయన అర్థశాస్త్రమును ప్రక్కకు పెట్టి, చదువుకొన్న మధ్యతరగతివారు కార్మికులను ఉపేక్షించి వారియెడ అపరాధము చేసిరని బహిరంగముగా ఒప్పుకొనెను. న్యాయమునకు బదులు దానమును, సానుభూతికి బదులు పొడిమాటలను ఇచ్చితిమని తన వర్గము పక్షమున క్షమాపణ కోరెను. ఇకమీదట తమ జీవితములను వారి సేవకు అర్పింతుమని మాట యిచ్చెను. ఆ మాట చెల్లించుటకు ఆయనకు కాలము లేకపోయెను. ఆ సభతో కుప్పకూలిన దేహము మరల కోలుకొనలేదు. మెదడు జ్వరముతో బాధపడి, 1883 మార్చి 9వ తేదీన వింబుల్డనులో మరణించెను.

మాట యిచ్చినవాడు గతించినను మాట గతింపలేదు. ఆ సంవత్సరమే లండను మురికివాడల దుర్భరస్థితిని వర్ణించు ఒక కరపత్రము దేశమును కదలించెను. ఆక్స్ఫర్డు యువకులు ఏమి చేయుదుమని బార్నెట్టును అడిగిరి. నవంబరులో ఆయన సెయింట్ జాన్స్ కళాశాలకు వచ్చి ఒక పథకమును వారి ముందుంచెను. చందాలు పంపుట కాదు, ధర్మోపదేశకులను పంపుట కాదు; విశ్వవిద్యాలయములోని యువకులే పేదపేటలో ఇల్లు చేసికొని, పగలు తమ వృత్తులు చూచుకొని, సాయంకాలములు ఇరుగుపొరుగులతో గడపవలెనని ఆ పథకము. ఆక్స్ఫర్డు, కేంబ్రిడ్జి చేతులు కలిపెను. వైట్‌చాపెల్ కమర్షియల్ వీథిలో కళాశాలను పోలిన భవనము లేచెను. 1884 క్రిస్మసు ముందటి రాత్రి ఇద్దరు ఆక్స్ఫర్డు యువకులు అందులో తొలిసారి నిద్రించిరి. భవనమునకు టాయిన్బీ హాలు అని పేరు పెట్టిరి.

బార్నెట్టు 1906 వరకు దానికి అధిపతిగా నుండెను. అచ్చట నివసించు యువకులు భోజనవసతుల ఖర్చు తామే భరించెడివారు. సాయంకాలపు తరగతులలో పాఠము చెప్పుదురు. పిల్లలను వెంటబెట్టుకొని ఆటస్థలములకు, పల్లెలకు పోవుదురు. పాఠశాలల పాలకవర్గములలో పనిచేయుదురు. 1898 నుండి న్యాయశాస్త్రము చదివినవారు పేదలకు ఉచితముగా సలహా చెప్పసాగిరి. పేటవాసులకొరకు ఏటేట జరిపిన చిత్రప్రదర్శనములు పెరిగి 1901లో వైట్‌చాపెల్ చిత్రశాలగా స్థిరపడెను. ఈ యత్నమునకు విమర్శకులు లేకపోలేదు. కొన్నినెలలుండి వెడలిపోవువాడు పేదవానికి పొరుగువాడగునా అనిరి. పెద్దింటి బిడ్డలు పేదరికమును విహారయాత్రగా చూచుచున్నారనిరి. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. అయితే ఆ కొన్ని నెలలు పలువురి జీవితములను మలుపు త్రిప్పినవి. 1903లో అచ్చటికి వచ్చిన విలియం బెవరిడ్జి 1942లో సాంఘిక రక్షణను గూర్చి ప్రసిద్ధమైన నివేదిక వ్రాసెను. 1910లో కొంతకాలము కార్యదర్శిగా పనిచేసిన క్లెమెంట్ ఆట్లీ 1945లో బ్రిటను ప్రధానియయ్యెను. ఆయన పదవిలో నుండగనే 1947లో మన దేశము స్వతంత్రమయ్యెను.

1888లో టాయిన్బీ హాలును చూచిపోయిన జేన్ ఆడమ్స్ అను అమెరికా వనిత మరుసటి సంవత్సరమే తన స్నేహితురాలితో కలసి చికాగోలో హల్ హౌసును స్థాపించెను. అట్టి నివాసములు అనతికాలముననే పలు నగరములలో వెలసెను. కార్మికుల విద్యకొరకు 1903లో ఆల్బర్ట్ మాన్స్‌బ్రిడ్జి ప్రారంభించిన సంఘము సహకారుల సభలో టాయిన్బీ కోరిన దానినే పెద్దయెత్తున నెరవేర్చెను. మన దేశమునను 1969లో, గాంధీజీ శతజయంతి సంవత్సరమున, ముప్పదియేడు విశ్వవిద్యాలయములలో జాతీయసేవాపథకము ప్రారంభమై, విద్యార్థులు పల్లెలకును పేటలకును పోవుట చదువులో భాగమయ్యెను. ఈ ప్రయత్నములన్నియు టాయిన్బీనుండియే పుట్టినవనుట అతిశయోక్తి. కాని ఇవన్నియు ఎదుర్కొను ప్రశ్న ఆయన ఎదుర్కొన్నదే: పరుల శ్రమవలన చదువుకొనగలిగినవాడు ఆ అప్పును ఎట్లు తీర్చవలెను?

ఆయన ఇచ్చిన సమాధానము దాన మిచ్చుట కాదు, పరిచయము చేసికొనుట. పేదవాని ఇంటికి పోవువిద్యార్థి అచ్చట నేర్పుటకన్న నేర్చుకొనవలసినదే హెచ్చని ఆయన ఎరుగును. హింక్సీ బురదలో ఎక్కిన బొబ్బలు, వైట్‌చాపెలులో చెడిన ఆరోగ్యము, లండను సభలో చెప్పిన క్షమాపణ – మూడును ఒక్క పాఠమునకే మూడు భాగములు. టాయిన్బీ హాలు నేటికిని ఆ వీథిలోనే నిలిచి, ఇరుగుపొరుగుల సేవలో నున్నది. ఆయన వేయించిన బాట చెరగిపోయినను, దానిపై నడువవలెనను కోరిక విద్యాలయములలో చెరగలేదు. ప్రతి సంవత్సరము ఎచ్చటనో ఒక విద్యార్థి పుస్తకము చంకనిడుకొని, తాను ఎన్నడును చూడని వాడలో ఒక తలుపు తట్టుచునే యున్నాడు.